మా సైదులు కారుకు మసక దీపాలే మేలు

“వద్దు బిడ్డా, గా దీపాల జోలికి పోకు! అవి మంచిగయినయంటే మనం ఆగమైతం!”

ఆదివారం పొద్దున మా సైదులు బకెట్టూ గుడ్డపీలికా పట్టుకుని కారు ముందు ఇంకా కూర్చోనైనా లేదు. అప్పటికే నా నోటి నుంచి వచ్చేసిన మాట ఇది. ఏమీ జరగకముందే భయపడటం నాకు అలవాటు. నేను చదివింది ఏడో తరగతే గానీ భయంలో మాత్రం నాది డిగ్రీ అని మా ఆయన జంగయ్య అంటాడు. అననివ్వండి!

అక్కలారా, అన్నలారా! ఇవాళ నేను ధైర్యం చేసి ఒక మాట చెప్పదలచుకున్నాను. కారు హెడ్‌లైట్లు మసకబారడం రిపేరు కాదు. వరం! ఆ వరాన్ని మనమే చేజేతులా తోమి పారేసుకుంటున్నాం.

మా సైదులుకు ఇరవై నాలుగేళ్లు. సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కారొకటి కొని చిట్యాల హైవే మీద కిరాయిలకు తోలుతాడు. కారు వాడికంటే రెండేళ్లు పెద్దది. అందుకని నేను దాన్ని పెద్దకొడుకు కింద లెక్కేసి కాస్త మర్యాదగానే చూస్తాను. ఏడాది తిరగకుండానే దాని రెండు దీపాలకూ తెల్లటి పొర కమ్మింది, ముసలివాళ్ల కళ్లకు శుక్లాలు వచ్చినట్టు.

కారణం మా బోరు నీళ్లు. వాటితో ఏది కడిగినా ఆరగానే తెల్లటి పొర మిగులుతుంది. గ్లాసుకు పొర, కాగుకు పొర, బిందెకు పొర. గాజునే ఇంత పని చేసే నీళ్లు మా పిల్లల ఎముకలను ఏం చేస్తున్నాయో అని అడగబోయాను. అడగను! ఆ సంగతి మేం చూసుకుంటామని ప్రతి ఎలక్షన్‌లోనూ పెద్దలు చెబుతూనే ఉన్నారు కదా!

సరే, వరాల సంగతికి వద్దాం.

తెల్లవారుజాము మసకలో ఎదురుగా వచ్చే లారీలు మామూలు కార్లను చూస్తే మీదికొస్తాయి. మా కారును చూస్తే పాపం గుడ్డిబండి వస్తోందని పక్కకు తప్పుకుంటాయి. ఈ కాలంలో జాలి అంత తేలిగ్గా దొరుకుతుందా?

ఆ మసకలో రోడ్డు మీద గుంతలు కనిపించవు. కనిపించని గుంతకు భయపడేవాడెవడు? కనిపించే గుంతలు చూసుకుంటూ పోయేవాడికి బీపీ రాదా? పడ్డాక ఎలాగూ తెలుస్తుంది!

చుట్టాలు రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తినా ఆపాల్సిన పని లేదు. “దీపాలు మసక గదా మామా, కానరాలే” అంటే చాలు. చుట్టరికమూ మిగులుతుంది, సీటూ మిగులుతుంది.

అన్నింటికంటే గొప్ప సంగతి, ఆత్మకూరు పెండ్లి. ముహూర్తం రాత్రి పదకొండుకు. చీకటి పడితే నా వల్ల కాదని మా సైదులు పెండ్లికొడుకును మధ్యాహ్నం రెండింటికే తీసుకుపోయి ఆడపిల్లవాళ్ల గడపలో దించాడు. అప్పటికి పందిరే పూర్తి కాలేదు! ఖాళీగా కూర్చోలేక ఆ పిల్లవాడు వంటవాళ్లతో చేరి రెండు గంపల ఉల్లిగడ్డలు కోశాడట. కళ్లు వాచిపోయి పీటల మీద కూర్చున్నాడట. పెండ్లయ్యాక ఏడవడం కంటే ముందే ఏడ్చేయడం మేలు కాదా? ఇంత మేలు ఏ కొత్త కారైనా చేసిందా?

ఇక నా సొంత లాభం ఒకటుంది. పొద్దు గుట్టల వెనక్కి దిగకముందే మా కారు మా ఇంటి ముందుంటుంది.

దీని విలువ మీకు తెలియాలంటే మా అత్త గుర్వమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు ఎనభై ఏళ్లు. నేను కాపురానికి వచ్చిన నాడే గడపలో నిలబెట్టి చెప్పింది. “బయలెల్లెటోన్ని యాడికి అని అడగకు. అడిగితే పోయే పని గాదు. పోయినోడు…” అని అక్కడ ఆపేసింది. మిగతాది చెప్పి ఉంటే ఏదో ఒక్కదానికే భయపడేదాన్ని. చెప్పలేదు కాబట్టి ఇన్నేళ్లుగా అన్నింటికీ భయపడుతున్నాను! ఎక్కడికని గానీ, ఎప్పుడొస్తావని గానీ మా ఆయననూ అడగలేదు, కొడుకునూ అడగలేదు. వాళ్లూ చెప్పరు. అడగడం అపశకునమైనప్పుడు మసక దీపాలే నాకు గడియారం. చీకటి పడుతోందా? కొడుకొస్తాడు. అంతే!

ఆ గడియారాన్నే వాడు పాడు చేస్తానని కూర్చున్నాడు.

“జర ఊకో అమ్మా!” అన్నాడు సైదులు. “రాత్రి కిరాయి అంటే నా మొఖం ఎవడు చూస్తలేడు. అన్ని జీపులోళ్లే కొట్టుకపోతున్నరు.”

ముందు తెల్ల పళ్లపొడి డబ్బా మొత్తం దీపాలకు పట్టించాడు. మా ఆయన వేపపుల్ల నములుతూ వచ్చి చూశాడు. “కారుకు పండ్లు తోమినవ్, మంచిదే. పుక్కిలించ నీళ్లు గూడ ఇయ్యరాదు?” అన్నాడు.

నీళ్లు నేనే తెచ్చాను. సైదులు ఒక చెంబు పోయగానే దీపాలు తళతళలాడాయి. అందరం చప్పట్లు కొట్టాం. పావుగంటలో ఎండకు ఆరాయి. మళ్లీ తెలుపు!

పక్కింటి ఉప్పలమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది. “చింతపండు పెట్టి తోమురాదుండ్రి! ఇత్తడి బిందె బంగారమైతది, గాజెంత?” అంది.

చింతపండుతో తోమాడు. నీళ్లు పోశాడు. తళతళ. ఆరింది. తెలుపు! తరువాత పుల్ల మజ్జిగ. ఆ తరువాత నిమ్మకాయలు. ప్రతిసారీ శుభ్రంగా తోమడం, ఆ పొరపెట్టిన బోరు నీళ్లతోనే కడగడం! మధ్యలో చింతపండు కోసం చీమలు బారులు తీరాయి. మజ్జిగ వాసనకు ఉప్పలమ్మ లేగదూడ వచ్చి కుడివైపు దీపాన్ని ఆప్యాయంగా నాకింది. ఆ పూట మా ఇంట్లో పులుసు లేదు, మజ్జిగ లేదు, పచ్చడి లేదు. కారు మాత్రం కడుపునిండా తిన్నది!

మీకు మాత్రమే ఒక నిజం చెబుతాను. ప్రతిసారీ నీళ్ల బిందె మోసుకొచ్చింది నేనే. అడగకముందే తెచ్చాను. సంగతి నాకు రెండోసారికే అర్థమైంది. ఇరవై ఆరేళ్లుగా ఆ నీళ్లతో గిన్నెలు తోముతున్నదాన్ని, నాకు తెలియదా? వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

కానీ నా ఖర్మ కొద్దీ హైవే మీది మెకానిక్ నూరుద్దీన్ అటుగా వచ్చాడు. ఒక్కసారి చూసి నవ్వాడు.

“ఏం చెల్లె, పొద్దుగాల సంది దీపాలు తోముతున్నరా, సున్నమేస్తున్నరా? పొర అంటుకునేదే గా నీళ్లతోటి! నిమ్మకాయ రుద్ది పొడి గుడ్డతోటి తుడువు సైదులూ. నీళ్ల సుక్క తాకనియ్యకు.”

తుడిచాడు. అంతే! నా గడియారం ఆగిపోయింది.

పొద్దుగూకాక లైట్లు వేసి చూశారు. అబ్బ, అది వెలుగా! గోడ దాటి ఉప్పలమ్మ వాకిట్లో పడింది. తెల్లారిందనుకుని ఆమె కోడిపుంజు గొంతెత్తి కూసింది. కోడి కూసిందని మా అత్త నిద్రలేచి, వాకిట్లో పేడనీళ్లు చల్లడానికి బకెట్టు వెతికింది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడే కిరాయి తగిలింది. సాయంత్రం నాలుగింటికి సైదులు తల దువ్వుకుని, కారెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. “పోయొస్తనే అమ్మా” అన్నాడు. అంతే. ఎటు? ఎంత దూరం? ఎప్పుడు? ఏమీ లేదు!

అక్కలారా, ఇంతసేపూ దీపాల పేరు చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టాను. దీపాల మీద నాకేం పగ? పోయేవాడిని అడగకూడదట, పోయేవాడు తనంతట చెప్పకూడదట. మధ్యలో గడపలో నిలబడేవాళ్లు మాత్రం తెల్లారిందాకా లారీ చప్పుళ్లు వింటూ నిలబడాలట! ఈ పొరను తుడవడానికి ఏ నిమ్మకాయ ఉంది?

నాకేమైందో తెలియదు. పరుగెత్తుకెళ్లి కారుకు అడ్డం నిలబడ్డాను.

“యాడికి పోతున్నవురా? ఎప్పుడొస్తవు?”

మా అత్త నోట్లోని తమలపాకు కింద పడింది. గోడ అవతల ఉప్పలమ్మ చీపురు ఆగింది. సైదులు ఇంజన్ ఆపాడు. అడిగితే ఆ అపశకునం పోవడానికి ఏం చేయాలో వాడికీ తెలుసు. దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, చెంబెడు నీళ్లు మెల్లగా తాగాడు.

ఖాళీ అయిన చెంబును చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

అయిపోయింది, అనుకున్నాను. కిరాయి పోయింది. కొడుకు కోపం తెచ్చుకున్నాడు. ఇక ఈ జన్మలో నాతో మాట్లాడడు. ఇల్లు విడిచి పోతాడు. పోతే మళ్లీ ఎక్కడికని అడగాలి. అడిగితే మళ్లీ…! పొయ్యి మీది ఎసరు పొంగి మంట ఆరిపోయింది. ఎవరూ కదల్లేదు.

సైదులు చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుని నా వైపు చూశాడు.

“నీళ్లకు భయపడ్తవు, లారీలకు భయపడ్తవు, దీపాలకు భయపడ్తవు. ఎప్పుడొస్తవురా అని మాత్రం గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న అడగకపోతివి. అడిగితే చెప్పకపోదునానే? నందికొండకు పోతున్న. పదిన్నరకల్ల ఇంట్లుంట. బువ్వ ఉంచు.”