కుడిచేతికి తీగ, ఎడమచేతికి బ్యాటరీ

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మోటారుసైకిలు మీద క్లినిక్కి వెళ్ళాలి. వెళ్ళేసరికి చేతులు వెచ్చగా ఉండాలి. అంతే.

చలికాలం వచ్చిందంటే ఆయన చేతులు ఆయన మాట వినేవి కావు. దారిలో పొడుగాటి వంతెన ఒకటుంది. దాని మీద గాలి సూదులతో గుచ్చినట్టుండేది. మందపాటి తోలు గ్లౌజులు వేసుకున్నా వంతెన దిగేసరికి వేళ్ళు కొయ్యబారిపోయేవి. ఆ తర్వాత వేడినీళ్ళతో ఎంత కడుక్కున్నా మధ్యాహ్నం దాకా ఆ చలి వదిలేది కాదు. పైన రబ్బరు తొడుగులు వేసుకున్నా దాగేది కాదు. కిందటి వారం ఒక సంగీతం టీచరు నోట్లో వేలు పెట్టగానే ఆవిడ పై స్థాయిలో కేక పెట్టి, అదే ఊపులో ఆ వేలిని కొరికేసింది.

సంగీతం టీచరు సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. ఆ రోజు రాబోతున్నది మాత్రం అత్తగారు.

ఇంట్లో పళ్ళ డాక్టరు అల్లుడు ఉండగా ఆవిడ ఇన్నేళ్ళూ ఊరి అవతల ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేది. "అల్లుడుగారు బంగారం. ఆయన చేతులే, ఐసుముక్కలు. తల్చుకుంటేనే నా పళ్ళు జివ్వుమంటాయి" అనేది. ఇప్పుడు ఆ డాక్టరు సెలవు మీద వెళ్ళాడు, సరిగ్గా అప్పుడే ఆవిడ దవడ పూరీలా పొంగింది. గత్యంతరం లేక సరేనంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారు ఆయన ముందు నోరు తెరుస్తాననడం అదే మొదటిసారి. పళ్ళ విషయంలో అని అర్థం. మాటల విషయంలో ఆవిడ నోరు మూసిందెప్పుడని?

అందుకే డాక్టరు వేడెక్కే గ్లౌజుల వేటలో పడ్డాడు. పడ్డాక అదొక లోకమని తెలిసింది. కొన్నిటికి మణికట్టు దగ్గర చిన్న బ్యాటరీ ఉంటుంది. ఎక్కడికైనా వేసుకుపోవచ్చు గానీ, ఛార్జింగు అయిపోతే మామూలు గుడ్డసంచులే. కొన్నిటికి బండి బ్యాటరీ నుంచి తీగ వస్తుంది. అది జాకెట్టు లోపలినుంచి చొక్కా చేతుల వెంట దిగి గ్లౌజుకి తగులుకుంటుంది. బండి నడిచినంతసేపూ వేడే, కానీ దిగేటప్పుడు మనిషి బండికి కట్టేసిన మేకలా ఉంటాడు. వేడి అరచేతి వెనక మాత్రమే వస్తుందా, వేళ్ళ కొసలదాకా పాకుతుందా? మందం ఎక్కువైతే క్లచ్చు తెలుస్తుందా? వేలికొసతో ఫోను నొక్కొచ్చా? వానకి తడిస్తే ఏమవుతుంది? అన్నీ తెలుసుకోవాలనిపించింది ఆయనకి. కనపడిన ప్రతి మోటారుసైకిలువాణ్ణీ ఆపి అడిగాడు.

"నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు కాఫీ చల్లారేలోపు సరేనన్నారు. చేతి తొడుగులకి ఇంత విచారణా?" అంది భార్య. ఆవిడ స్కూల్లో సైన్సు టీచరు.

"నీ విషయంలో రెండో రకం లేదుగా మరి" అన్నాడు డాక్టరు. అది పొగడ్తో కాదో ఆవిడకి తేలలేదు.

చివరికి ఆయన ప్రశ్నలు భరించలేక దుకాణదారు రెండు జతలూ చేతిలో పెట్టి, "పట్టుకెళ్ళి వాడి చూడండి సార్, ఏది నచ్చితే అది ఉంచుకోండి. నన్ను మాత్రం ఇంకేం అడక్కండి" అని దణ్ణం పెట్టాడు.

డాక్టరు ఆ రెండు జతలనీ బల్ల మీద పరిచి, తీగ గ్లౌజు కుడిచేతికీ, బ్యాటరీ గ్లౌజు ఎడమచేతికీ తొడిగాడు.

"ఇదేంటండీ, ఒక్కో చేతికి ఒక్కోటి?"

"చలి ఒకటే, దారి ఒకటే, మనిషి ఒకడే. చేతులు మాత్రం రెండు. ఇంతకంటే న్యాయమైన పరీక్ష ఉంటుందా? నువ్వే చెప్పు, సైన్సు టీచరువి."

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళ సంగతి విన్నాను. చేతులు పెట్టినవాళ్ళని చూడ్డం ఇదే మొదలు. ఇవాళే పెట్టుకోవాలా ఈ పరీక్ష? అమ్మని నేను కార్లో తీసుకొస్తాను. మీరు చేతులు సరిచూసుకుని ఉండండి."

వీధి చివరిదాకా రెండు చేతులూ వెచ్చగా, హాయిగా ఉన్నాయి. వంతెన ఎక్కేసరికి కుడిచెయ్యి ఠక్కున చల్లబడింది. లోపల ఏదో కదిలిందనుకుని ఆయన చెయ్యి గట్టిగా విదిల్చాడు. తనకే చెయ్యి ఊపుతున్నాడనుకుని ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు కూడా ఊపాడు. మళ్ళీ విదిల్చాడు. ఈసారి బస్సులోవాళ్ళు ఊపారు. ఇటు ఎడమ గ్లౌజు మరీ వేడెక్కి దాని మీట మీద ఎర్రదీపం వెలిగింది. దాన్ని తగ్గిద్దామని కుడిచేతి మొద్దుబారిన వేలితో ఎన్నిసార్లు నొక్కినా దీపం ఎర్రగానే ఉంది. క్లినిక్ ముందు బండి ఆపేసరికి ఒక చెయ్యి పెనం మీదా, ఒక చెయ్యి మంచుగడ్డలోనూ ఉన్నట్టుంది. దిగి రెండడుగులు వేశాక తీగ సంగతి గుర్తొచ్చింది, ఎందుకంటే అది వెనక్కి లాగింది. టప్పుమని బండి నుంచి ఊడి, తోకలా నడుం కింద వేలాడింది.

కుడిచేతి వేళ్ళకి పట్టులేదు, ఎడమ గ్లౌజు పట్టీ ఊడదు. ఎడమచెయ్యి గ్లౌజులో ఇరుక్కుపోయింది, దాంతో కుడిదాన్ని ఊడదీసే వీలు లేదు. ఆయన క్లినిక్ బయట వరండాలో నిలబడి, వేలికొసతో ఫోను మీద దుకాణదారు నంబరు నొక్కాడు. కుడి గ్లౌజులో పనిచేస్తున్నది ఆ కొస ఒక్కటే.

సగం తెరిచిన అద్దాల తలుపు వెనక రిసెప్షన్ అమ్మాయి ఉంది. కొత్తగా చేరింది. ఈమధ్యే ప్రథమచికిత్స శిక్షణకి వెళ్ళొచ్చింది. నేర్చుకున్నది ఎవరి మీదైనా ఉపయోగపడితే బాగుండునని, పడకపోతే ఇంకా బాగుండునని అనుకుంటూ ఉంది. ఆ అమ్మాయికి డాక్టరు గొంతు మాత్రమే వినిపించింది.

"కుడిది పూర్తిగా చచ్చిపోయిందండీ... ఉహూఁ, అసలు ఏమీ తెలియట్లేదు... ఇంట్లో బాగానే ఉంది, వంతెన మీద ఠక్కున ఆగిపోయింది. లోపల ఎక్కడో నరం తెగినట్టుంది."

తీగని నరమనడం పళ్ళ డాక్టర్లకి అలవాటు. ఆ అమ్మాయి పెన్ను కిందపెట్టింది.

"ఎడమదా? అది మండిపోతోంది... విదిల్చి చూశానండీ, దారి పొడుగునా. లాభం లేదు... అయితే ఇంక బతకదంటారా?... సరే, మధ్యాహ్నం వస్తాను. ముందు మా అత్తగారి పన్ను పీకాలి."

ప్రాణం మీదికొచ్చినా అత్తగారి పన్ను మర్చిపోని ఆ మనిషిని తల్చుకుని ఆ అమ్మాయికి కళ్ళు చెమర్చాయి. బయటికి పరిగెత్తింది. అప్పటికి డాక్టరు వేరే దారి లేక ఎడమ గ్లౌజు పట్టీని పళ్ళతో కరుచుకుని లాగుతున్నాడు.

"సార్, ఒక్కసారి నవ్వండి!"

డాక్టరు మర్యాదస్థుడు. పట్టీ వదలకుండానే నవ్వాడు. మూతి ఒకవైపుకి వంకరపోయింది.

"చేతులు రెండూ పైకెత్తండి సార్!"

ఎడమచెయ్యి పట్టీ సాగినంత మేర లేచింది. కుడిచెయ్యి గుండెల దాకా వచ్చి ఆగింది. లోపల తీగ పట్టేసింది.

"ఇవాళ ఏం వారమో చెప్పండి!"

"వ్వుఁగ్గవారం" అన్నాడు డాక్టరు పట్టీతోనే.

శిక్షణలో చెప్పిన మూడు పరీక్షల్లోనూ తప్పాడు. ఇంక అనుమానం లేదు, పక్షవాతమే. ఆ అమ్మాయి ముందు అంబులెన్సుకి ఫోను చేసింది, తర్వాత డాక్టరు భార్యకి.

"మేడం, సార్‌కి కుడివైపు పడిపోయిందండీ!"

సిగ్నలు సరిగ్గా లేదు. కార్లో ఉన్న భార్యకి "సార్... కుడివైపు పడిపో..." అన్నంతవరకే వినిపించింది.

"అమ్మా! ఆయన బండి మీంచి కుడివైపుకి పడిపోయారట!" అందావిడ తల్లితో. అత్తగారు దవడ పట్టుకున్న చెయ్యి వదిలేసి, "కారు తోలవే, తోలు!" అంది.

ఇక్కడ డాక్టరు పట్టీ వదిలేసి, "నాకేం కాలేదమ్మా, ఇవి గ్లౌజులు" అని చెప్పబోయాడు. "రోగి ఎప్పుడూ తనకేం కాలేదనే అంటాడు, నమ్మకండి" అని శిక్షణలో మరీ మరీ చెప్పారు. అందుకని ఆ అమ్మాయి నమ్మలేదు. "మీరు మాట్లాడకూడదు సార్" అంటూ తీసుకెళ్ళి రోగులు పడుకునే కుర్చీలోనే ఆయన్ని పడుకోబెట్టింది. పన్నునొప్పితో మెలికలు తిరుగుతున్న ఒకాయన, డాక్టరుకే ఇలా అయిందని వినగానే తనకి నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

డాక్టరు ఆ కుర్చీలో పడుకోవడం అదే మొదటిసారి. దీపం సూటిగా కళ్ళలో పడుతోంది. దాని పక్కన పైకప్పుకి ఒక బూజు వేలాడుతోంది. ఇన్నేళ్ళూ రోగులు చూస్తున్నది దీన్నా అని ఆశ్చర్యపోయాడు. ఏదైనా చెబుదామంటే పైన వంగిన మనిషి "ఏం కాదు, ఏం కాదు" అంటుంది తప్ప వినదు. ఈ మాట తనే రోజుకి ఎన్నిసార్లు అంటాడో గుర్తొచ్చి ఆయన నోరు మూసుకున్నాడు.

అంబులెన్సులో ఒక నెమ్మదైన ఆవిడ వచ్చింది. రక్తపోటు చూసింది. కుడి గ్లౌజులోకి వేలు దూర్చి చూస్తే చెయ్యి మంచులా ఉంది. ఎడమదాంట్లో దూర్చి చురుక్కుమని వెనక్కి తీసుకుంది. "ఒకే మనిషిలో ఇంత తేడా నేనెక్కడా చూళ్ళేదు" అని మళ్ళీ దూర్చి చూసింది. తర్వాత జాకెట్టు కిందినుంచి వేలాడుతున్న తీగ కనపడింది. "ఈయనకి ముందే ఎవరైనా ఏదైనా మెషిను పెట్టారా?"

సరిగ్గా అప్పుడే అత్తగారు లోపలికి దూసుకొచ్చింది. వెనక కూతురు. ఎముకలు విరిగిన అల్లుణ్ణి చూస్తానని వచ్చిన ఆవిడకి, కదలకుండా పడుకున్న మనిషీ, ఒంటినుంచి తీగా, ఎర్రదీపమూ కనిపించాయి.

"ఓరి నాయనో, కరెంటు! ఎవరూ ముట్టుకోకండి!"

మూలనున్న చీపురు అందుకుంది. అంబులెన్సు ఆవిడ ఆపేలోపు తీగ మీద ఒకటి, తప్పి డాక్టరు మోకాలి మీద ఒకటి పడింది. డాక్టరు కెవ్వుమన్నాడు.

"స్పృహ ఉంది!" అంది రిసెప్షన్ అమ్మాయి ఆనందంగా.

భార్య మాత్రం కిందపడ్డ తీగని చేతిలోకి తీసుకుంది. ఒక కొస పట్టుకుని జాకెట్టు లోపల వెతికి రెండో కొస కూడా బయటికి లాగింది. రెండిటినీ ఎదురెదురుగా పట్టుకుని భర్తకి చూపించింది.

"ఇది చచ్చిపోలేదండీ. జాకెట్టు లోపలే ఊడిపోయింది. దారంతా ఊపింది దీన్నేనా?"

డాక్టరు పైకప్పు కేసి చూశాడు. అంబులెన్సు ఆవిడ ఎడమ గ్లౌజు పట్టీని ఒక్క లాగుతో ఊడదీసింది. రిసెప్షన్ అమ్మాయి మొహం కందగడ్డయింది.

"నువ్వు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పనే" అంది అంబులెన్సు ఆవిడ ఆ అమ్మాయి భుజం తట్టి. "నిజంగా పక్షవాతం వచ్చుంటే ఈయన ప్రాణం నీ చలవే." తర్వాత డాక్టరు వైపు వంగి, గొంతు తగ్గించి, "నేనూ బండి మీదే తిరుగుతాను. ఇంతకీ రెండిట్లో ఏది బాగుందండీ?" అనడిగింది.

"అది తేలకముందే మీరొచ్చేశారు" అన్నాడు డాక్టరు.

అత్తగారు చీపురు వదిలేసి పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఎప్పుడూ "అల్లుడుగారూ, మీరు" తప్ప ఇంకోమాట అనని మనిషి, "ఎంత హడలగొట్టావురా నాయనా!" అని ఆయన కుడిచేతిని గ్లౌజులోంచి లాగి రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రెండూ కలిసేసరికి మర్చిపోయిన దవడ భగ్గుమంది. "అమ్మో" అని చేతిలో ఉన్న చేతినే చెంపకి అదుముకుంది.

డాక్టరు కంగారుగా చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"తియ్యకు! అక్కడే ఉంచు. అబ్బ... ప్రాణం లేచొచ్చింది."

"ఇప్పుడే వేడినీళ్ళతో కడుక్కుని వస్తాను అత్తయ్యగారూ, చల్లగా ఉంది."

"వేడినీళ్ళు ముట్టుకున్నావంటే ఊరుకోను. ఏ మందూ వద్దు, ఈ చెయ్యి చాలు" అంది అత్తగారు కళ్ళు మూసుకుని.

మందు లేకుండా పన్ను ఊడదు గనక సూది వేయాల్సి వచ్చింది. కానీ ఆవిడ కదల్లేదు, కేకపెట్టలేదు. నోరు తెరిచిన ఆ కాస్తసేపూ ఒక్కమాట మాట్లాడలేదు. పని అయ్యాక అదే చేతిని ఇంకో చెంప మీద కూడా పెట్టించుకుంది, ఆ వైపు నొప్పేమీ లేకపోయినా.

సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళాయి. "మా అల్లుడుగారి హస్తవాసి గురించి ఏం చెప్పమంటారు! చల్లని చెయ్యి. అలా వేశారో లేదో నొప్పి హుష్‌కాకి." ఆ వారంలోనే పినమామగారూ, మేనత్తా, ఎదురింటి పిన్నిగారూ వచ్చారు. అందరూ పొద్దున్నే, చెయ్యి ఇంకా చల్లగా ఉన్నప్పుడే కావాలన్నారు. మళ్ళీ వచ్చిన సంగీతం టీచరు కూడా ఈసారి కొరకలేదు.

డాక్టరు చాలా ఆలోచించి, రెండు జతలూ విడివిడిగా మళ్ళీ పరీక్షించి, చివరికి బ్యాటరీ గ్లౌజులే కొన్నాడు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మాత్రమే వేసుకుంటాడు.