ఏనుగు ఒంటిమీద అత్తగారి మడమ

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి సినిమా దర్శకుడు స్టూడియోకి వచ్చేలోగా సినిమా కోసం తను కంప్యూటరులో తయారుచేస్తున్న ముసలి ఏనుగుకి ముడతలు పెట్టాలి. ఇప్పటికే రెండుసార్లు ఆయన "ఇది ఏనుగా, ఊదిన బెలూనా?" అని తిప్పికొట్టాడు. మూడోసారీ అదే మాటంటే పని వేరే స్టూడియోకి పోతుంది.

కాఫీ తాగుతుండగా ఆమె చూపు, స్టూలు మీద కాళ్లు చాపి కునుకు తీస్తున్న అత్తగారి మడమ మీద పడింది. ఎన్ని గీతలు, ఎన్ని బీటలు! వెతకబోయిన తీగ కాలికి తగిలింది. "అబ్బ, ఏం లోతు!" అని గొణుక్కుంటూ ఫోటో తీసుకుని వెళ్లిపోయింది. పేపరు చాటునున్న మామగారు అంతా విన్నారు.

స్టూడియోలో ఫోటోని ఏనుగుకి తొడిగింది. నల్లగా ఉన్నచోట చర్మం లోపలికి దిగింది, తెల్లగా ఉన్నచోట పైకి లేచింది. బెలూను కాస్తా అరవయ్యేళ్ల ఏనుగైంది. తీరా చూస్తే వీపంతా అదే బీట మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"మామయ్యగారూ, అత్తయ్యగారి రెండో మడమ ఫోటో తీసి పంపండి. కడగొద్దు, ఏమీ రాయొద్దు!"

"ఏమైందమ్మా?"

"చెప్పే టైము లేదు. పదకొండు దాటితే చెయ్యి దాటిపోతుంది!"

పొద్దున విన్న "ఏం లోతు" గుర్తొచ్చి, భార్య కాలికి ఏదో పెద్ద జబ్బే చేసిందనుకున్నారు మామగారు. ఫోన్లో ఫోటో తీయడం ఆయనకి రాదు. అందుకని మనిషినే స్టూడియోకి తీసుకెళ్లాలనుకుని, భార్య పాదాలకి తువ్వాళ్లు చుట్టి టాక్సీ ఎక్కించారు.

"నాకు నొప్పే లేదండీ!"

"అదే ప్రమాదం!"

వాళ్లు తలుపు తోసుకుని వచ్చేసరికి దర్శకుడు తెరకి ముక్కు ఆనించి ఏనుగుని చూస్తున్నాడు. "ఈ చర్మం ఎక్కడ పట్టావమ్మా?" అన్నాడు. కోడలు గబుక్కున తన ఫోను బోర్లా పెట్టింది.

మామగారు కళ్లజోడు సర్దుకుని తెర వైపు చూశారు. "ఇది మా ఆవిడ మడమ!"

కోడలు తల వంచుకుంది. అత్తగారు తువ్వాళ్లతోనే కుంటుతూ తెర దాకా వెళ్లి చాలాసేపు చూశారు.

"ముప్పై ఏళ్లు బడిలో కూర్చోకుండా నిలబడి లెక్కలు చెప్పిన కాళ్లివి. ఇన్నాళ్లూ ఎవరు చూశారు? మా కోడలే చూసింది!" అని, రెండో పాదానికున్న తువ్వాలు విప్పి, ఆ పాదాన్ని కుర్చీ మీద పెట్టారు. "ఫోటో తియ్యవే అమ్మాయ్!"

కోడలికి గర్వంతో కళ్లు చెమర్చాయి. దర్శకుడు ఏనుగుని అక్కడికక్కడే ఖాయం చేశాడు.

ఆ తర్వాత అత్తగారు మడమలకి క్రీము రాయనివ్వడం లేదు. దర్శకుడు వచ్చే ఏడాది మొసలి మీద సినిమా తీస్తాడట.