ఎసెన్‌కుల్ ఇంటి ముందు గుడారం

ఆరోగ్య కేంద్రం పైకప్పు విప్పి బాగుచేస్తున్నారు. అందుకని ఆ శనివారం రక్తపోటు పరీక్షలు ఎసెన్‌కుల్ తాత ఉన్ని గుడారంలో జరపాలని నర్సు సైరాగుల్ అనుకుంది. తాత పొద్దున్నే దాన్ని ఇంటి ముందు నిలబెట్టించాడు. వేసవిలో కొండమీద వేసే గుడారం అక్టోబరులో ఊళ్ళో లేచిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఈ సంగతి ఆ లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు. హడావుడిలో ఆ ఇద్దరికే తోచలేదు.

సైరాగుల్ దిగులంతా పై ఊళ్ళో ఉండే తాత తమ్ముడు సాత్కిన్ గురించే. మూడేళ్ళ కిందట ఆ అన్నదమ్ముల్లో నడిమివాడు గుర్రానికి జీను బిగిస్తూ కుప్పకూలి చనిపోయాడు. రక్తపోటని తర్వాత తెలిసింది. సాత్కిన్ మాత్రం పరీక్ష చేస్తానని వెళ్ళిన ఆమెను నాలుగుసార్లు గుమ్మంలోంచే పంపేశాడు.

కొలిచేముందు కాసేపు పడుకోమని ఆమె తాతకు చెప్పింది. పక్కింటావిడ కంచె మీదుగా తొంగిచూసింది. గుడారం, కదలని తాత, వంగిన తెల్లకోటు. చాలు, ఫోను తీసింది.

మధ్యాహ్నానికి గుర్రాలు దిగాయి. "అయ్యో, నా కొండంత అన్నా!" అని ఆచారం ప్రకారం వీధి మలుపు నుంచే ఏడుస్తూ వచ్చాడు సాత్కిన్. వెనక నలభైమంది, చావు భోజనాలకని రెండు గొర్రెలు.

తాత చొక్కా చెయ్యి మడుచుకుని బయటికొచ్చాడు.

"ఏమిట్రా గోల? పోయిందెవరు?"

"నువ్వే పోయావన్నారు!"

"డెబ్భై ఎనిమిదేళ్ళు, నూట ముప్ఫై మీద ఎనభై! వాళ్ళకి చెప్పు పో!"

సైరాగుల్ కుర్చీ బయటికి లాగింది. "ఎలాగూ వచ్చారు, వరసగా కూర్చోండి."

"గుర్రమెక్కేవాడికి పరీక్షలేంటమ్మాయ్?" అంటూ సాత్కిన్ వెనక్కి తిరిగాడు.

తాత అతని గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. "నా చావుకి అంత ఏడ్చావు, నేనడిగితే ఒక్క చెయ్యి చాపలేవా? ఇంకో తమ్ముణ్ణి నేను మొయ్యలేనురా."

సాత్కిన్ చెయ్యి చాపాడు. రెండువందల పది మీద నూట ఇరవై. ఆమె మళ్ళీ కొలిచింది, మళ్ళీ అంతే వచ్చింది. గొంతు పెంచకుండా కారు పిలిపించి పెద్దాసుపత్రికి పంపింది.

సాయంత్రం డాక్టరు ఫోను చేశాడు. ప్రమాదం జరగకముందే చేరాడనీ, వారంలో ఇంటికొస్తాడనీ. "జబ్బుని మా కోడలమ్మ పట్టేసింది!" అని తాత ఇంటింటికీ తిరిగి చెప్పాడు. అప్పటిదాకా ఆమెను పేరుతో పిలిచిన ఊరు ఆ రోజు నుంచి సొంతమనిషిలా మా కోడలనే అంది. నలభై ఒక్కరిలో మరో ఏడుగురికి రక్తపోటు ఎక్కువని తేలింది.

తెచ్చిన గొర్రెల్ని వండక తప్పలేదు. ఉప్పు డబ్బాని సైరాగుల్ ఎవరి చేతికీ ఇవ్వకపోవడంతో, ఆ చప్పిడి మాంసం తినేటప్పుడు కొందరు నిజంగానే ఏడ్చారు.