పాత్ర పరిధి మేరకు

నాటకం చూడకుండా నటి గురించి రాయగలవాడే అసలైన విమర్శకుడు. చూసి ఎవరైనా రాస్తారు, అందులో గొప్పేముంది?

కోప్పడకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. చూసిన మనిషికి ఏదో ఒకటి నచ్చుతుంది, లేదా నచ్చదు. అంతే, అక్కడితో నిష్పాక్షికత మంటగలిసిపోయింది! చూడనివాడికి ఆ బెడద లేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు పెద్దలు. మా విమర్శకులవారికి ఆ మెతుకుతో కూడా పని లేదు. గిన్నె మీద మూత చూసి చెప్పేస్తారు.

ఆయన్ని నాటకాలవాళ్ళంతా చాటుగా 'పరిధిగారు' అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. నాటకమైనా సినిమా అయినా ఆయన సమీక్షలో కథానాయకుడికి సగం పేజీ. తర్వాత సంగీతం, లైటింగు, నిర్మాతగారి సాహసం. కుర్చీలు మెత్తగా ఉంటే వాటికీ ఓ మాట. చిట్టచివర, చోటు మిగిలితే, ఒక వాక్యం: "నటి తన పాత్ర పరిధి మేరకు నటించింది."

ఎంత హాయైన వాక్యం! తిట్టు కాదు, పొగడ్త కాదు. ఏ సైజు మనిషికైనా సరిపోయే రెడీమేడ్ చొక్కా!

ఈ చొక్కాను అందరికంటే ఎక్కువసార్లు తొడుక్కున్న అదృష్టవంతురాలు ఒకావిడ ఉంది. బృందంలో అందరికీ ఆవిడ అక్కయ్య. స్టేజీ మీద మహారాణిగా వేసింది, పరిధి మేరకు. మతి తప్పిన మనిషిగా వేసింది, పరిధి మేరకు. సినిమాల్లో లాయరుగా, నర్సుగా, తనకంటే వయసులో పెద్దవాడైన హీరోకి కన్నతల్లిగా వేసింది. అన్నీ పరిధి మేరకే.

ఒక్కసారి మాత్రం పరిధిగారు తమ పరిధి దాటారు. ఓ సినిమాలో అక్కయ్య శవంగా వేసింది. "ఎంతో సహజంగా ఉంది" అని రాశారాయన. ప్రాణం పెట్టి వేసిన పాత్రలకు రాని మెప్పు, ప్రాణం లేని పాత్రకు వచ్చింది. ఆ పూట ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంత దక్కినా మనిషికి ఆశ చావదు కదా! అక్కయ్యకు ఇంకో వాక్యం కావాలట.

"ఒక్కటంటే ఒక్కటే. నేను అక్కడ నిలబడి ఏం చేశానో చూసి రాసింది కావాలే. తిట్టినా సరే," అంది చెల్లెలితో. చెల్లెలిది ఆ వీధిలోనే కుట్టు దుకాణం. అక్క వేషాలకు బట్టలన్నీ తనే కుడుతుంది.

"తిట్టాలన్నా చూడాలి కదక్కా," అంది చెల్లెలు, పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే.

అలా ఉండగా ఆవిడకు ఓ నాటకం దొరికింది. కుర్చీలో నిద్రపోతున్న భర్తతో భార్య మాట్లాడే కథ. భర్త కనిపించడు, ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంటుంది. మొదటి నుంచి చివరిదాకా స్టేజీ మీద అక్కయ్య తప్ప పురుగు కూడా ఉండదు.

"ఇప్పుడెక్కడికి పోతాడో చూస్తా! రాయాలంటే నేను తప్ప దిక్కు లేదుగా!" అంది.

"ఇంటర్వెల్లో లేచి పోతాడక్కా. ఆయన రెండో సగం చూసినవాళ్ళెవరు?"

మాట నిజమే. అక్కయ్య దర్శకుడితో పోట్లాడి ఇంటర్వెల్ తీసేయించింది. పరిధిగారికి ముందు వరుసలో నట్టనడుమ సీటు వేయించింది. లేవాలంటే పదిమంది మోకాళ్ళు దాటాలి.

"ఈసారీ ఆ ముక్కే రాస్తే ఇక ముఖానికి రంగు పూసుకోను. ఒట్టు!" అంది చెల్లెలి నెత్తిన చెయ్యి పెట్టి.

పరిధిగారు వచ్చారు, కూర్చున్నారు. కాసేపు ఫోను వెలుగు ఆయన ముఖం మీద ఆడింది. తర్వాత ఫోను ఒళ్ళోకి జారింది, గడ్డం ఛాతీ మీదికి వాలింది. గురక మొదలైంది.

ఆ గురక గురించి చెప్పుకోవాలి. మొదట కుట్టుమిషనులా సన్నగా, వరసగా సాగింది. ఆనక రంపం అందుకుంది. మధ్యలో ఠక్కున ఆగిపోయేది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ప్రెషర్ కుక్కరు విజిల్‌తో మళ్ళీ బయల్దేరేది. పక్కవాళ్ళు భుజం తట్టారు. ఆయన రాగం మార్చారంతే.

స్టేజీ మీద అక్కయ్య మాట తడబడింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఖాళీ కుర్చీ మీది దుప్పటి తీసుకుంది, మెట్లు దిగింది, పరిధిగారి ఎదుట నిలబడి మెడదాకా దుప్పటి కప్పింది. మిగిలిన నాటకమంతా ఆయన ముఖంలోకి చూస్తూ ఆడింది.

హాల్లో కుర్చీ కిర్రుమనలేదు. ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు.

చప్పట్ల మోతకు పరిధిగారికి మెలకువ వచ్చింది. జనం చుట్టుముట్టి, "అద్భుతం సార్!" అని చేతులు ఊపేస్తున్నారు. కిందటి వారం సమీక్షకు కాబోలనుకుని, ఆయన దుప్పటి దులుపుకుని వినయంగా నవ్వారు.

మర్నాడు పొద్దున సమీక్ష వచ్చింది. బయల్దేరే ముందే పంపేసి వచ్చారట, ఎంత ముందుచూపు! "విరామం తర్వాత కథ కాస్త సాగింది. ఇతర నటీనటులు ఫర్వాలేదనిపించారు. నటి తన పాత్ర పరిధి మేరకు నటించింది."

రెండో పత్రికవారు మాత్రం నాటకం చూశారు. క్యాంటీన్ నుంచి ఆలస్యంగా వచ్చి మరీ చూశారు. "ముందు వరుసలో కూర్చున్న భర్త పాత్రధారి నాటకానికి ప్రాణం. నిద్రను ఇంత లోతుగా నటించినవారు లేరు. ఆ గురకలో ఒక జీవితకాలపు అలసట వినిపించింది. నటి చక్కగా సహకరించింది."

అక్కయ్య రెండూ చదివి పత్రికలు మడిచి పెట్టేసింది. మధ్యాహ్నం మరో హాలు యజమాని ఫోన్ చేశాడు.

"నాటకం మా దగ్గర కూడా వేద్దామమ్మా. ఆ గురక పెట్టే సార్ ఖాళీయేనా?"

"ఆయన ఎప్పుడూ ఖాళీయేనండి. నేనే ఖాళీ లేను," అంది.

ఇప్పుడు చెల్లెలి దుకాణంలో కూర్చుని బొత్తాలు కుడుతోంది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు, "మిమ్మల్నెక్కడో చూసినట్టుందండీ," అంటారు. "చూశారా? ఎందులో?" అని సూది ఆపేసి అడుగుతుంది. వాళ్ళకు గుర్తు రాదు.

పరిధిగారికి ఉత్తమ సహాయ నటుడి బహుమతి వచ్చింది. చెల్లెలికి దుకాణంలో నమ్మకమైన తోడు దొరికింది. హాల్లో నాటకాలకు ఇంటర్వెల్ తిరిగి వచ్చింది కాబట్టి క్యాంటీనువాడూ సంతోషంగా ఉన్నాడు. చూడకుండా రాయడం వల్ల ఇంతమందికి మేలు జరిగిందంటే, నా వాదన నెగ్గినట్టే కదా!

ఒక్క సంగతి మాత్రం మిగిలింది. ఆయన గురక ఎలా మొదలైందో, ఎక్కడ ఆగిందో, ఎలా మలుపు తిరిగిందో ఇంత వివరంగా రాశాను. మీరూ నవ్వుతూ చదివారు. ఆయన ఎదుట నిలబడి అక్కయ్య అంతసేపు ఏం చెప్పిందో నేను రాయలేదు.

మీరూ అడగలేదు.