భూతద్దం బొటనవేలు

"నేరం నా చూపు తప్పించుకోవాలంటే నేను రెప్ప వెయ్యాలి. నేను రెప్ప వెయ్యను!" అని ప్రకటించాడు భూతద్దం. ఆ వెంటనే కంట్లో దుమ్ము పడి రెండు కళ్ళూ నులుముకున్నాడు.

ఈ మహా ప్రకటన వెలువడింది సెల్‌ఫోన్ల షాపులో. విన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు కౌంటరు వెనకున్న షాపాయన. రెండోవాడు, ఇతన్ని వెంట తెచ్చుకున్నందుకు అప్పటికే లోలోపల లెంపలు వేసుకుంటున్న టైలరు.

భూతద్దం చేసే పని వాచీలు బాగుచెయ్యడం. కంటికి అద్దం బిగించుకుని చిన్న చిన్న పళ్ళచక్రాలు చూసీ చూసీ, లోకంలో ఎవరికీ కనబడనివి తనకి కనబడతాయని గట్టి నమ్మకం పెంచుకున్నాడు. అతని కొట్లో ఇరవై గడియారాలుంటే ఇరవై టైములు చూపిస్తాయి, అది వేరే సంగతి. పక్క కొట్టు టైలరుది. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి టైలరు అతన్ని నలభయ్యేళ్ళుగా భరిస్తున్నాడు.

టైలరు పాత ఫోను పొట్ట ఉబ్బి, మూత ఊడేలా ఉంది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే భార్య గుమ్మం దాకా వచ్చింది.

"ఏమండీ, కొత్త ఫోను రాగానే మొదటి కాల్ వదినకి చెయ్యండి. మూడేళ్ళయింది. ఇంకా ఏంటండీ ఈ పంతం?"

"చచ్చినా చెయ్యను," అన్నాడు టైలరు.

వదిన అంటే టైలరుకి సొంత అక్క. ఆవిడ కూతురి పెళ్ళిలో, ఇతను కుట్టిన జాకెట్టు ఆవిడకి చంక దగ్గర పిగిలింది. ఆవిడ నలుగురిలో నిలబడి "మావాడికి కొలతే తెలియదు" అనేసింది. టైలర్ని పట్టుకుని కొలత తెలియదనడం కంటే రెండు చెంపదెబ్బలు కొట్టడం నయం. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఫోను మీద 'అక్క' అని కనబడితే చాలు, దాన్ని బల్లమీద బోర్లించేసి మిషను తొక్కుకునేవాడు. మోగినంతసేపూ ఆ కుట్టు మాత్రం వంకరగానే పడేది.

షాపులో భూతద్దం విచారణ మొదలుపెట్టాడు.

"ఈ ఫోనుకి వెనక మూడు కళ్ళెందుకు?"

"మూడు కెమెరాలండీ. దగ్గరవీ, దూరానివీ..."

"మనిషికే రెండు కళ్ళు. మూడో కన్ను ఎవరి తరఫున చూస్తోంది? నిజం చెప్పు!"

షాపాయన టైలరు వంక జాలిగా చూశాడు. టైలరు ఆ జాలిని అలవాటుగా స్వీకరించి, "అక్షరాలు పెద్దగా కనబడేది ఏదో ఒకటి ఇచ్చెయ్యండి బాబూ," అన్నాడు. అలా ఫోను ఎంపిక అయిపోయింది.

షాపాయన తానే అంతా పెట్టిస్తానన్నాడు. భూతద్దం ఒప్పుకుంటేనా! "పరాయివాడి చేతికి రహస్యాలు ఇస్తావా?" అని ఫోను లాక్కుని తన కొట్టుకి పట్టుకొచ్చాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

పాత ఫోనులోని పేర్లు, ఫోటోలు ఇందులోకి తెచ్చుకోమంటారా అని కొత్త ఫోను మర్యాదగానే అడిగింది. "చూశావా, మన కూపీ లాగుతోంది!" అని భూతద్దం 'వద్దు' నొక్కాడు. అంతటితో ఊరుకోలేదు. శత్రువుకి ఆధారం దొరక్కూడదని పాత ఫోనులో ఉన్నదంతా తుడిచేశాడు.

"నా కస్టమర్ల పేర్లురా!" అని మొత్తుకున్నాడు టైలరు.

"నిజమైన కస్టమరు వాడే చేస్తాడు. భయపడకు."

తర్వాత ఫోను వేలిముద్ర అడిగింది. ముప్ఫయ్యేళ్ళు సూదీ దారం పట్టిన టైలరు వేళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. ఏ వేలు పెట్టినా 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది ఫోను. పదో వేలు కూడా అయిపోయాక భూతద్దం గంభీరంగా తన బొటనవేలు చాచాడు. ఫోను కిమ్మనకుండా ఒప్పుకుంది. ఆపైన ఒక రహస్య సంఖ్య కూడా పెట్టాడు. రహస్యం కనక టైలరుకి చెప్పలేదు. రెండు రోజుల్లో తనూ మరిచిపోయాడు.

దాంతో టైలరు బతుకు ఎలా తయారైందంటే, వచ్చిన కాల్ ఎత్తగలడు గానీ, తను ఎవరికైనా చెయ్యాలంటే పక్కకొట్టుకి వెళ్ళి బొటనవేలుని బతిమాలుకోవాలి. సొంత ఇంటికి అద్దెకొచ్చినట్టుంది వ్యవహారం.

మర్నాడు ఫోను మోగింది. తెరమీద పేరు లేదు, ఉత్త అంకెలు.

"హలో, ఎవరండీ?"

అవతల మాట లేదు. ఊపిరి వినబడింది. కాసేపటికి కట్ అయిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు టైలరు నోరు జారి ఈ సంగతి భూతద్దం దగ్గర అనేశాడు.

భూతద్దం మొహం వెలిగిపోయింది. కొట్టు తలుపు ఓరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఊపిరి ఎలాంటిది? మామూలు ఊపిరా, హంతకుడి ఊపిరా?"

"తేడా ఏంట్రా?"

"హంతకుడు ముక్కుతో పీలుస్తాడు."

"నేనూ ముక్కుతోనే పీలుస్తాను కదరా!"

భూతద్దం అతని వంక అదోలా చూసి నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు. "ఇంట్లో చెల్లెమ్మకి చెప్పకు. కంగారుపడుతుంది. నా అనుభవంలో ఇలాంటివి..."

"నీకిదే మొదటి కేసు."

"అనుభవం కేసులతో రాదురా, వయసుతో వస్తుంది."

"పోనీ, మనమే ఆ నంబరుకి చేసి ఎవరని అడిగేస్తే?"

"పిచ్చివాడా! మనం భయపడ్డామని వాడికి తెలిసిపోదూ?"

ఆ రోజు నుంచి ఫోను మోగినప్పుడల్లా భూతద్దం గడియారం చూసి టైము రాసుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ పుస్తకం తెచ్చి కత్తిరింపు బల్లమీద పడేశాడు.

"పదకొండూ పది, రెండూ ఇరవై ఐదు, ఏడూ నలభై. చూశావా ముఠా తెలివి! ఒక్కరోజు చేసిన టైముకి ఇంకోరోజు చెయ్యడం లేదు. నీ కదలికలన్నీ పసిగడుతున్నారు."

"రోజూ పొద్దున్న టీ తాగి కూర్చోగానే వస్తోందిరా. నువ్వు చూసింది నీ కొట్టు గడియారాలు."

ఆ మాట భూతద్దం చెవిన పడింది గానీ బుర్రలోకి దిగలేదు. బల్లమీది ఫోను చేతిలోకి తీసుకుని తీర్పు చెప్పేశాడు. "నంబరు శత్రువు చేతిలో పడింది. ఇప్పుడే సిమ్ము తీసి విరిచెయ్యాలి. సూదివ్వు."

టైలరు చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ నంబరు కొట్టు బోర్డు మీద ఉంది. బట్టలు పెట్టిచ్చే ప్రతి సంచీ మీదా ఉంది. బోర్డు మళ్ళీ రాయించుకోవచ్చు, సంచీలు మళ్ళీ కొట్టించుకోవచ్చు. కానీ అక్కకి తెలిసిన నంబరు అదొక్కటే. ఆవిడ చేస్తే తను ఎత్తకపోవడం ఒక ఎత్తు. ఆవిడ చేసినా మోగకపోవడం ఇంకో ఎత్తు. ఈ కొత్త ఫోను వచ్చాక రెండు ఆదివారాలు గడిచాయి, అక్క పేరు ఒక్కసారీ కనబడలేదు. విసిగిపోయి మానేసిందేమో. ఈ ఆలోచన రాగానే, ఇంత పంతం ఎందుకు పట్టానురా దేవుడా అనిపించింది.

"విరవద్దురా."

"భయమా?"

"భయమే. ఇటిచ్చెయ్."

భూతద్దం వింటేగా! అప్పటికే టైలరు చొక్కాకి గుచ్చుకున్న సూది లాక్కుని ఫోనుని పొడుస్తున్నాడు.

"అది మైకు కన్నంరా!"

"తెలుసు! శత్రువు చెవి కూడా ఇదే!"

టైలరు ఫోను పట్టుకున్నాడు. భూతద్దం వదల్లేదు. ఇటొకరూ అటొకరూ లాగుతుంటే, భూతద్దం బొటనవేలు తెరమీద ఎక్కడపడితే అక్కడ నొక్కుకుంది. యజమాని వేలు కదా, ఫోను ఎంచక్కా తెరుచుకుంది. ఆ వేలే జారి వచ్చిన నంబర్ల మీదికీ, అక్కణ్ణించి వీడియో గుర్తు మీదికీ పోయింది. ఎక్కడో ఫోను మోగుతున్న చప్పుడు. ఒక్క క్షణంలో తెరనిండా ఒక ఆడమనిషి మొహం.

"ఏంటిది? ముక్కు తప్ప ఏమీ కనబడ్డం లేదు!" అంది ఆ మొహం.

"లొంగిపో!" అని అరిచాడు భూతద్దం. "నీ ముఠాలో ఎంతమంది?"

"ముఠా ఏంట్రా, నీ మొహం! నువ్వు వాచీల వాడివి కదూ? మా తమ్ముడి ఫోను నీ చేతిలో ఎందుకుంది? వాడికేమైంది? ఒరేయ్, వాడికేమైందిరా?"

టైలరు ఫోను లాగేసుకున్నాడు. "అక్కా!"

అక్క అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. బాగానే ఉన్నాడని ధైర్యం చిక్కాక అప్పుడు కోపం తెచ్చుకుంది.

"నన్ను ఎవరండీ అంటావా? మూడేళ్ళుగా ఆదివారం ఆదివారం చేస్తున్నా. మోగి మోగి ఆగిపోయేది. పోనీలే, కోపముందంటే నేను గుర్తున్నట్టే కదా అనుకునేదాన్ని. మొన్న ఎత్తావు. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే 'ఎవరండీ' అన్నావు. అండీ! నా నంబరే చెరిపేశాడని ఇంక నోట మాట రాలేదురా. రేపైనా గుర్తుపడతాడేమోనని రోజూ చేస్తున్నా. రోజూ అండీయే!"

"చెరిపింది నేను కాదక్కా. ఇదిగో, వీడు."

"చెరపకపోతే ఎత్తేవాడివా?"

టైలరు అబద్ధం ఆడబోయి మానేశాడు. "ఎత్తేవాణ్ణి కాదు. పేరు చూసి బోర్లించేవాణ్ణి."

ముందు అక్క నవ్విందో, టైలరు ఏడ్చాడో చెప్పడం కష్టం. భూతద్దం పక్కనే నిలబడి ఉన్నా, రెండూ అతని కంటపడలేదు.

"అనుకున్నాను!" అన్నాడు భూతద్దం సూది జేబులో పెట్టుకుంటూ. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను!" అని, ఈ వార్త వీధికి తెలియకపోతే అన్యాయమని బయటికి పరుగెత్తాడు. ముఠా ఎలా చిక్కిందో అతను గట్టిగా వర్ణించడం లోపలికి వినబడుతూనే ఉంది.

టైలరు ఫోనుని మిషనుకి ఆనించి నిలబెట్టాడు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, మెడలో ఉన్న టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. మూడేళ్ళ మాటల్లో ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తోచలేదు.

"ఊఁ, చెప్పరా," అంది అక్క. "ఏంటి విశేషాలు?"

"ఏమున్నాయక్కా," అన్నాడు టైలరు. "కొత్త ఫోను కొన్నాను."