లైనక్స్ గిరాకీ సర్వే

"ప్రజలకేం కావాలో ప్రజలనే అడిగి తెలుసుకునే ప్రభుత్వం మాది!" అని పుదుచ్చేరి బీచ్ రోడ్డులో మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. ప్రభుత్వ ఆన్‌లైన్ గేముల దుకాణానికి వచ్చేవాళ్ళలో, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మీద ఆడుకునేవాళ్ళు ఎందరో సర్వేతో తేల్చేస్తారట.

ఆ మాట వినగానే కావ్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది. యానాం నుంచి వచ్చి, ఆ దుకాణంలో లైనక్స్ విభాగాన్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న కాంట్రాక్టు ఉద్యోగిని ఆమె. గిరాకీ ఉందని తేలితే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఇంటికే.

సర్వే భారం డైరెక్టర్ వీరరాఘవన్‌గారి మీద పడింది. కంప్యూటర్‌ను ఏనాడూ ముట్టుకుని శ్రమపెట్టని దయామయుడాయన. చూస్తుండగానే సర్వే యాప్ తయారు చేయించారు.

"సార్, ఇది విండోస్‌లోనే తెరుచుకుంటోందండి," అంది కావ్యశ్రీ.

"అందరికీ ఒకే యాప్. లేకుంటే పక్షపాతం అంటారు గదమ్మా."

"మరి లైనక్స్ వాళ్ళు ఎలా చెబుతారండి?"

"విండోస్ ఉండే ఇంటికి పోయి చెప్పేది. ఆ మాత్రం ఆసక్తి లేకుంటే అది గిరాకీ ఎట్లవుతాది?"

అంతటి లోతైన ఆలోచనకు దండం పెట్టి కావ్యశ్రీ తన సీటుకు వెళ్ళిపోయింది.

సర్వే తెరుచుకోవడం లేదని ఫోన్లు మొదలయ్యాయి. ఫిర్యాదులు ఆఫీసుకొచ్చి ఇచ్చుకోవాలని డైరెక్టర్‌గారు సెలవిచ్చారు. ఇంకేముంది, నెల్లితోపు ఆఫీసు ముందు కోసపాళయం వాళ్ళూ, విల్లియనూరు వాళ్ళూ లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని బారులు తీరారు. టీ బండ్లు వెలిశాయి. టౌన్ బస్సులు ఆగిపోయాయి.

"ఏందమ్మా ఈ కూట్టం, ఇంత జనం?" అన్నారు డైరెక్టర్‌గారు కిటికీలోంచి చూసి.

"లైనక్స్ వాళ్ళు సార్! ఎంత గిరాకీ ఉందో మీరే చూడండి!" కావ్యశ్రీ సంతోషం పట్టలేకపోయింది.

"గిరాకీ సర్వేలో ఉండాల. రోడ్డు మీద ఉంటే అది ట్రాఫిక్."

వెంటనే పోలీసు బందోబస్తుకు ఫోన్ చేశారు.

సాయంత్రం ఫలితాలు వచ్చాయి. లైనక్స్ కావాలన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంత స్పష్టమైన ఫలితం ఏ సర్వేలోనూ చూడలేదని మంత్రిగారు డైరెక్టర్‌గారికి శాలువా కప్పారు. లైనక్స్ విభాగాన్ని ఎత్తేశారు, దాంతోపాటే కావ్యశ్రీనీ.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. బ్యాగు భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. శాలువా సర్దుకుంటూ డైరెక్టర్‌గారు వెనక నుంచి ఆప్యాయంగా కేకేశారు.

"ఆ పక్క పోవద్దమ్మా, నలిగిపోతావు. లైనక్స్ జనాన్ని పోలీసులే తొయ్యలేకుండా ఉండారు. వెనక గేటుండాది, అట్ల పో."