సున్నా ఫిర్యాదుల సర్కిల్

పటాన్‌చెరు సర్కిల్లో కలుషిత నీటి మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదని జలశుద్ధి మండలి డైరెక్టర్ వెంకట సాయి గారు సోమవారం ప్రకటించారు. వారం కింద నాలుగు వేలకు పైనే ఉండేవి. నీళ్లను పాడుచేసే ఫ్యాక్టరీ గొట్టం ఒక్కటి కూడా ముట్టుకోకుండా ఇంత పని చేసిన మహానుభావుడికి గురువారం మంత్రిగారి శాలువా ఖాయమైంది. ఫిర్యాదులే లేని ఊళ్లకు నీళ్ల ట్యాంకర్లు దేనికని, వాటిని ఆయన సోమవారమే ఆపించారు.

బుధవారం ఆ ఊళ్లలో ఒకదాని నుంచి నర్సింహమ్మ ఒక సీసా తెచ్చి, మండలి ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఉద్యోగి ఎడ్విన్ బల్ల మీద పెట్టింది. బోరు నీళ్లు, చాయ్ రంగులో ఉన్నాయి.

"ట్యాంకర్ రాక రెండు దినాలాయె బిడ్డా. ఇంట్ల కోడలు బాలింత. నా దరఖాస్తు ఏడవోయింది?"

ఎడ్విన్ వెతికాడు. అసలు ఫిర్యాదులన్నీ రాసుకున్న పట్టికే, అంటే టేబులే, లేదు పొమ్మంది డేటాబేస్. అతనికి అనుమానం వచ్చింది. ఏ టేబుల్ ఎక్కడుందో డేటాబేస్ ఒక జాబితా రాసుకుంటుంది, దాన్ని సిస్టం కేటలాగ్ అంటారు. అందులో జల్దీగా వెతకడానికి ఇండెక్స్ ఉంటుంది. ఇండెక్స్‌ను పక్కన పెట్టి, జాబితాను మొదటి వరుస నుంచి చదివించాడు. టేబుల్ ఉన్నచోటే ఉంది. 4,112 ఫిర్యాదులు. నర్సింహమ్మదీ ఉంది.

మరి తెర మీద సున్నా ఎందుకు? పెద్దల ముందు ఎర్రర్ కనబడరాదని డైరెక్టర్ గారే టెండర్లో రాయించారు. ఎర్రర్ వస్తే సున్నా చూపేలా సాఫ్ట్‌వేర్ కంపెనీ కట్టి ఇచ్చింది.

ఎడ్విన్ డైరెక్టర్ గదికి ఉరికాడు.

"సార్, ఫిర్యాదులు యాడికీ పోలె. ఇండెక్స్ ఖరాబైంది. పది నిమిషాల్ల మళ్ల కడ్త."

"కడితే?"

"నాలుగు వేల నూట పన్నెండు కనబడ్తయ్."

"శాలువా ఎప్పుడు?"

"రేపు సార్."

"మరి నీకేం తొందరయ్యా?"

"బయట ఒకామె కూసున్నది సార్. నీళ్లు లేవు, ఇంట్ల బాలింత ఉన్నదంట."

"ఆమె ఫిర్యాదు కనబడ్తుందా?"

"కనబడదు సార్. కానీ ఉన్నది."

"కనబడనిదానికి ట్యాంకర్ ఎట్ల పంపుతమయ్యా? ఆడిట్‌కు ఏం చెప్పాలె?"

డైరెక్టర్ గారు కాగితం, కలం ముందుకు లాక్కున్నారు.

"ఇంతకూ ఇండెక్స్ ఎట్ల ఖరాబైంది?"

"కరెంటు పోయింది సార్. యూపీఎస్ బ్యాటరీలు చచ్చినయ్. సర్వర్ పని మధ్యల ఆగింది. కొత్త బ్యాటరీలకు మూడేండ్ల సంది రాస్తనే ఉన్న."

శుక్రవారం, శాలువా కప్పిన మర్నాడు, ఎడ్విన్‌కు డైరెక్టర్ గారి ఉత్తర్వు అందింది. సంగారెడ్డి, జహీరాబాద్ సర్కిళ్లలో కూడా సున్నా సాధించాలి. అక్కడి సర్వర్ల బ్యాటరీలు తక్షణం తీయించాలి. పని నేర్పడానికి ఎడ్విన్ ఇవాళే బయలుదేరాలి. ఆఫీసు జీపు మరమ్మతులో ఉన్నందున, ఖాళీగా ఉన్న బండిని వాడుకోవచ్చు.

బండి వచ్చి గేటు ముందు ఆగింది. ఎడ్విన్ క్యాబిన్ ఎక్కుతుంటే, వచ్చింది ట్యాంకరేనని చూసి, పొద్దుటి నుంచి గేటు పక్కన కూర్చున్న నర్సింహమ్మ బిందె పట్టుకుని లేచింది.